అరవై నాలుగు ఈమెయిళ్లు, ఇరవై నాలుగు ప్యానెళ్లు: ఒక పీహెచ్‌డీ స్కాలర్ కేసు

హైదరాబాదులోని ఒక జీవవైద్య పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ నాలుగేళ్లు దాటిన స్కాలర్ కేసు ఇది. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాం. సంస్థ, వ్యాధి, జన్యువు, మందు, చేరిన సంవత్సరం తీసేశాం. గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాం. గడువుల లెక్క, ప్రయోగాల అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం. ఉద్యోగం దొరకడం లేదని వచ్చిన మనిషితో, స్కాలర్లకి కెరీర్ మార్గదర్శనం చేసే మా శిక్షణ విభాగం పదకొండు వారాల పాటు ఉద్యోగం గురించే మాట్లాడింది. మొదటి రోజే అడగాల్సింది ఆమె ఫిగర్ల గురించి, అంటే థీసిస్‌లో, పేపర్లో పెట్టే గ్రాఫులు, చిత్రాల గురించి. ఆ పదకొండు వారాలు ఎలా పోయాయో, తర్వాత దారి ఎలా దొరికిందో ఈ పని చేసేవాళ్లకి ఉపయోగపడుతుంది.

నేపథ్యం

స్కాలర్‌ది చిన్న పట్నం. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుని చేరారు. రెండేళ్లు జేఆర్ఎఫ్, మూడేళ్లు ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), మొత్తం ఐదేళ్లు. 2023 జనవరి నుంచి ఈ స్టైపెండు జేఆర్ఎఫ్‌కి నెలకి 37,000, ఎస్ఆర్ఎఫ్‌కి 42,000 రూపాయలు. ఇంటద్దె భత్యం విడిగా వస్తుంది. స్టైపెండులో కొంత ప్రతినెలా చెల్లెలి చదువుకి ఇంటికి పంపుతున్నారు. ఈ సంగతి ఎందుకు రాస్తున్నామంటే, స్టైపెండు ఆగే తేదీ ఆమెకి ఒక్కరికే సంబంధించిన తేదీ కాదు.

ల్యాబులో గైడ్, ఏడుగురు స్కాలర్లు, ఇద్దరు ప్రాజెక్టు సిబ్బంది ఉన్నారు. గైడ్ మంచి శాస్త్రవేత్త, మనిషీ మంచివారే. కమిటీలు, గ్రాంట్ల పనిలో పడి ఒక్కో స్కాలర్‌తో విడిగా కూర్చునేది రెండు మూడు నెలలకి ఒకసారి. వారం వారం ల్యాబ్ మీటింగ్ ఉంది కానీ అక్కడ బాగా వచ్చిన బ్లాట్ చూపించడమే అలవాటు, రాని ప్రయోగం గురించి ఎవరూ నోరు విప్పరు.

పరిశోధన ప్రశ్న ఒక క్యాన్సర్ కణాల వరుసలో (సెల్ లైన్, అంటే ల్యాబులో పెంచుతూ ఉండే ఒకే మూలం కణాలు) మందుకి నిరోధకత గురించి. ఒక జన్యువుని ఎస్ఐఆర్ఎన్ఏతో (జన్యువు పనిని అణచే చిన్న ఆర్ఎన్ఏ ముక్కతో) తగ్గిస్తే కణాలు మందుకి మళ్లీ లొంగుతాయా అన్నది అసలు విషయం.

ఏమని వచ్చారు

వచ్చేసరికి ఐదేళ్ల స్టైపెండులో పది నెలలు మిగిలింది. పీహెచ్‌డీకి యూజీసీ 2022 నిబంధనలు పెట్టిన ఆరేళ్ల గరిష్ఠ గడువుకి ఇరవై రెండు నెలలు. మొదటి రచయితగా పేపరు లేదు. విదేశీ ల్యాబులకి పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) కోసం 64 ఈమెయిళ్లు పంపితే రెండే జవాబులొచ్చాయి, రెండూ ఖాళీ లేదనే. ఆమె అడిగింది ఇంతే: "నా సీవీ కొంచెం సరిచేసి పెడతారా?"

మొదటి పొరపాటు: అడిగిందే చేసి పెట్టడం

సీవీ నిజంగానే బాగాలేదు. నాలుగు పేజీలు, తండ్రి పేరు, వివాహ స్థితి, పాస్‌పోర్టు నంబరు, పైన "సవాళ్లతో కూడిన వాతావరణంలో" అంటూ ఒక లక్ష్య వాక్యం, కింద 31 టెక్నిక్కుల జాబితా. పీసీఆర్, జెల్ నడపడం లాంటి ఈ రంగంలో అందరికీ వచ్చే పనులు కూడా అందులో ఉన్నాయి. పోస్ట్‌డాక్ తీసుకునే శాస్త్రవేత్తకి జెల్ నడపడం వచ్చని చెబితే, మిగతా ముప్పైని కూడా అదే చూపుతో చూస్తారు. రెండు పేజీలకి కుదించాం. స్వయంగా ఏర్పాటు చేసి, చెడిపోతే సరిచేయగలిగిన టెక్నిక్కులు ఏడే ఉంచాం.

ఈమెయిలు కూడా మార్చాం. పాత ఈమెయిల్లో ల్యాబు పేరు తప్ప మిగతాది అందరికీ ఒకటే. కొత్తదానిలో మొదటి వాక్యం ఆ ల్యాబు ఈమధ్య పేపర్లోని ఒక ఫలితం గురించి, రెండోది తన ఫలితానికీ దానికీ ఉన్న సంబంధం, మూడోది ఎప్పటినుంచి చేరగలరో, ఏ ఫెలోషిప్‌కి దరఖాస్తు చేయబోతున్నారో. మొత్తం 150 పదాలు దాటకూడదని నియమం పెట్టుకుని ఇరవై పంపాం.

ఆరు వారాల్లో ఐదు జవాబులొచ్చాయి. మాకు సంతోషమేసింది. రెండు వీడియో ఇంటర్వ్యూలు జరిగాయి, రెండూ అక్కడితో ఆగిపోయాయి. ఎందుకో తెలుసుకోవాలని ఇంటర్వ్యూలో ఏమడిగారో గుర్తున్నంత వరకు రాసి తెమ్మన్నాం. రెండింటిలోనూ మూడో ప్రశ్న ఒకటే: "మాన్యుస్క్రిప్టు ఉందా? చూడొచ్చా?" ఒకాయన ఇంకా సూటిగా, "ఈ గ్రాఫులో ఎన్ ఎంత?" అని అడిగారు, అంటే ప్రయోగం ఎన్నిసార్లు చేశారని. ఆమె "మూడు" అన్నారు. "మూడు దేనివి?" అని అడిగితే జవాబు రాలేదు.

ఆ ప్రశ్న అప్పుడే మా చెవికెక్కాల్సింది. ఇంగ్లీషులో తడబడ్డారేమో అనుకుని వదిలేశాం.

రెండో పొరపాటు: ఆసక్తితో మొదలుపెట్టడం

తర్వాత ఐడీపీ దగ్గరికి వెళ్లాం. వ్యక్తిగత అభివృద్ధి ప్రణాళిక అన్నమాట. అమెరికాలో 2012లో సైన్స్ పత్రిక కెరీర్ విభాగం భాగస్వాములతో కలిసి తెచ్చిన మైఐడీపీ దీనికి బాగా తెలిసిన రూపం. నైపుణ్యాలు, ఆసక్తులు, విలువలు అని మూడు వరుసల ప్రశ్నలకి మార్కులు వేసుకుంటే ఇరవై రకాల సైన్స్ వృత్తుల్లో ఏది ఎంత సరిపోతుందో చూపిస్తుంది. 2013లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ కూడా తన నిధులతో పనిచేసే విద్యార్థులు, పోస్ట్‌డాక్‌లందరికీ ఐడీపీ ఉండేలా చూడమని సంస్థలని ప్రోత్సహించింది. పరికరం మంచిదే. మేం వాడిన వేళ మంచిది కాదు.

బెంచి పనికి, అంటే ల్యాబులో చేత్తో చేసే ప్రయోగాలకి, ఆమె అన్నిటికన్నా తక్కువ మార్కులు వేసుకున్నారు. సైన్స్ రచన, క్లినికల్ రీసెర్చ్ నిర్వహణ పైకొచ్చాయి. మేం నమ్మేశాం. ఒక క్లినికల్ రీసెర్చ్ సర్టిఫికెట్ కోర్సు, ఒక ఆన్‌లైన్ బయోఇన్ఫర్మాటిక్స్ కోర్సు, రెండు రచనా వర్క్‌షాపులు పెట్టుకున్నారు. ఐదు వారాల్లో బెంచి దగ్గర గడిపింది పదకొండు రోజులే. గైడ్‌కి కోపం వచ్చింది, అందులో న్యాయం ఉంది. చెల్లెలి ఫీజుకి దాచిన డబ్బులో కొంత కోర్సుకి పోయింది. సర్టిఫికెట్ చేతికొచ్చింది కానీ ఆ రంగంలో ఒక్క ఇంటర్వ్యూ పిలుపూ రాలేదు.

ఎక్కడ తప్పాం? ఎనిమిది నెలలుగా ఒకే ప్రయోగం ఒకసారి వచ్చి, మరోసారి రాకుండా ఏడిపిస్తోంది. అలాంటి మనిషిని "బెంచి పని నీకిష్టమా" అని అడిగితే ఏ జవాబొస్తుంది? ఆగిపోయిన ఒక ప్రయోగం మీద విసుగుని ఆ వృత్తి మీదే విసుగని అర్థం చేసుకున్నాం. జ్వరంలో ఉన్నవాళ్లకి ఏం తినాలనుందో అడిగి నెల సరుకులు తెచ్చినట్టయింది.

ఫిగర్లని బల్ల మీద పరచడం

పన్నెండో వారంలో పద్ధతి మార్చాం. థీసిస్‌లో పెడతానన్న ప్రతి ప్యానెల్‌ని (ఫిగరులోని ఒక్కో గ్రాఫు లేదా చిత్రం) ఒక్కో ఏ4 కాగితం మీద ముద్రించి తెమ్మన్నాం. ఇరవై నాలుగు వచ్చాయి. ప్రతి కాగితం కింద ఐదు గడులు చేత్తో నింపాలి: ఎన్ ఎంత, అవి దేని పునరావృతాలు, కంట్రోల్ ఏది, ముడి ఫైలు ఏ కంప్యూటర్లో ఏ ఫోల్డర్లో ఉంది, ఏ గణాంక పరీక్ష వాడారు. మూడు గంటలు పట్టింది. సమావేశ గది బల్ల చాలక కొన్ని కింద పరచాల్సొచ్చింది.

తొమ్మిది ప్యానెళ్లకి నిజంగా మూడు జీవ పునరావృతాలున్నాయి. ఏడు ఒక్కసారే చేసినవి. మిగిలిన ఎనిమిదింటి దగ్గర ఆమె పెన్ను ఆగింది. "ఎన్ = 3" అని రాసి, ఫైలు తెరిచి చూసి, కొట్టేశారు. ఒకే రోజు, ఒకే ఫ్లాస్కు కణాల నుంచి తీసిన ఆర్ఎన్ఏ, దాన్నుంచి చేసిన ఒకే సీడీఎన్ఏ (ఆర్ఎన్ఏకి డీఎన్ఏ నకలు), దాన్ని మూడు వెల్స్‌లో (ప్లేట్‌లోని చిన్న గుంటల్లో) పోశారు. ఆ మూడు వెల్స్ చెప్పేది పిపెట్ పట్టిన చెయ్యి ఎంత నిలకడగా ఉందో మాత్రమే. కణాలు ఇంకో రోజు కూడా అలాగే ప్రవర్తిస్తాయని అవి చెప్పలేవు. ఎర్రర్ బార్లు (గ్రాఫులో కొలతల మధ్య తేడా చూపే గీతలు) చిన్నగా, ముచ్చటగా ఉండడానికి కారణం అదే. వేరే వేరే రోజుల్లో, వేరే పాసేజ్ (వేరే విడత పెంచిన) కణాలతో, వేరుగా ట్రాన్స్‌ఫెక్షన్ చేస్తేనే (ఎస్ఐఆర్ఎన్ఏని కణాల్లోకి పంపితేనే) ఆ మూడు నిజంగా మూడవుతాయి.

ఇంటర్వ్యూలో "మూడు దేనివి?" అని అడిగింది ఇదే. ఆమె తడబడింది ఇంగ్లీషుతో కాదు.

ఇది ఆమె ఒక్కరి లోపమని అనుకోవడానికి లేదు. ల్యాబులో సీనియర్ చూపించిన ఎక్సెల్ షీటే అందరికీ వారసత్వంగా వస్తుంది. ఆ షీటులో మూడు వెల్స్ సగటు పక్కనే ఎర్రర్ బార్ సూత్రం రాసి ఉంది. నాలుగేళ్లలో దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. జన్యువు పదహారు రెట్లు తగ్గిందని ముఖ్యమైన గ్రాఫు చెబుతోంది. క్యూపీసీఆర్‌లో ప్రతి సైకిల్‌కీ డీఎన్ఏ రెట్టింపవుతుందనుకుని, ఒక హద్దు చేరడానికి ఎన్ని సైకిళ్లు పట్టాయో (సీటీ) పోల్చే డెల్టా డెల్టా సీటీ పద్ధతిలో నాలుగు సైకిళ్ల తేడా వచ్చింది, రెండుని నాలుగుసార్లు హెచ్చిస్తే పదహారు. ఆ లెక్క చెల్లాలంటే ప్రైమర్లు (ఏ జన్యువుని కొలవాలో గుర్తించే చిన్న డీఎన్ఏ ముక్కలు) రెండు జతలూ ఇంచుమించు నూరు శాతం సామర్థ్యంతో పనిచేయాలి. ఆ సామర్థ్యాన్ని కొలిచే స్టాండర్డ్ కర్వ్ ఎప్పుడు చేశారని అడిగితే, ఎప్పుడూ చేయలేదన్నారు. పదేసి రెట్లు పలచన చేస్తూ ఐదు పాయింట్లతో చేయించాం. పోలికకి వాడే రిఫరెన్స్ జన్యువుకి ఆ గీత వాలు −3.35, అంటే 99 శాతం. పరిశోధిస్తున్న జన్యువుకి −3.9, అంటే 80 శాతం. క్యూపీసీఆర్ చేసేవాళ్లు ఒప్పుకునే పరిధి 90 నుంచి 110 శాతం. 80 శాతం దగ్గర ప్రతి సైకిల్‌కి రెండు రెట్లు కాదు, 1.8 రెట్లే పెరుగుతుంది. అప్పుడు నాలుగు సైకిళ్ల తేడా అంటే పదిన్నర రెట్లు. ఫలితం తలకిందులు కాలేదు కానీ అంకె తప్పు. ఎక్సాన్ల (జన్యువులో ఆర్ఎన్ఏలో మిగిలే భాగాల) కలయిక మీద పడేలా కొత్త ప్రైమర్లు గీయించాక వాలు −3.4కి వచ్చింది, 97 శాతం.

ఇది కెరీర్ మార్గదర్శనం చేసేవాళ్ల పనేనా అని మా సహోద్యోగులే అడిగారు. మా పనే అనుకుంటున్నాం. ఆ గ్రాఫు గురించి ఆమెకి లోలోపల అనుమానం ఉంది. ఏదో సరిగ్గా లేదని తెలుసు, ఏమిటో తెలియదు. తన ఫలితాన్ని తానే నమ్మని మనిషి ఎంత మంచి సీవీతో వెళ్లినా మూడో ప్రశ్న దగ్గర గొంతు తగ్గిస్తారు. ఆ గొంతు తగ్గడాన్ని అవతలివాళ్లు వెంటనే పట్టుకుంటారు.

గైడ్‌తో మాట: ఒకసారి చెడి, ఒకసారి కుదిరింది

ఇరవై నాలుగులో అసలు వాదనకి కావాల్సినవి పద్నాలుగే. వాటిలో ఆరు సిద్ధంగా ఉన్నాయి, ఎనిమిది పూర్తి చేయాలి. గైడ్ మనసులో మాత్రం ఇంకొకటి ఉంది, ఎలుకల్లో జెనోగ్రాఫ్ ప్రయోగం, అంటే మనిషి క్యాన్సర్ కణాల్ని ఎలుకల్లో పెంచి మందు ఇచ్చి చూడడం. అది ఉంటే పెద్ద జర్నల్‌కి పంపొచ్చు. సంస్థాగత జంతు నైతికత కమిటీ అనుమతి, ఎలుకలు రావడం, కణితి పెరగడం, మందు ఇవ్వడం, అన్నీ సవ్యంగా జరిగినా ఎనిమిది తొమ్మిది నెలలు. అప్పటికి మిగిలిన స్టైపెండు ఏడు నెలల పైచిలుకు.

ఇక్కడ మా విభాగం చేసిన తప్పు పెద్దది. ఆమె భయపడుతున్నారని మేమే గైడ్‌ని కలిసి జెనోగ్రాఫ్ ఆపితే మంచిదని చెప్పాం. తన స్కాలర్ తన మీద ఫిర్యాదు చేసిందని ఆయన అనుకున్నారు. మూడు వారాలు ఇద్దరి మధ్యా పొడిపొడి మాటలే. స్కాలర్ తరఫున మూడో మనిషి గైడ్‌తో మాట్లాడడం వేధింపుల కేసుల్లో తప్పదు, అక్కడ ఆలస్యం చేయకూడదు. పని పరిధి గురించిన చర్చలో మాత్రం అది స్కాలర్ నోటినుంచే రావాలి. లేకపోతే చర్చ ప్రయోగం మీద నడవదు, మర్యాద మీద నడుస్తుంది.

రెండోసారి ఆమె చేత ఒక పేజీ తయారు చేయించాం. నాలుగు నిలువు వరుసలు: ప్రయోగం, అది చేస్తే పేపర్లోని ఏ వాక్యం మారుతుంది, ఎన్ని వారాలు, ఎంత ఖర్చు. జెనోగ్రాఫ్ కూడా అందులో ఒక వరుసగా ఉంది, తీసేయలేదు. మాట ఎలా మొదలుపెట్టాలో నాలుగుసార్లు సాధన చేశారు. చివరికి కుదిరిన రూపం ఇది:

"సర్, జెనోగ్రాఫ్ వద్దని కాదండి. నా స్టైపెండు ఇంక ఏడు నెలలే ఉంది. ఈ పద్నాలుగు ప్యానెళ్లు మూడు నెలల్లో పూర్తి చేయగలను. వీటితో పేపరు పంపి ఎలుకల పని తర్వాతి స్కాలర్‌కి ఇద్దామా, ముందు అదే చేయమంటారా? మీరెలా చెబితే అలా చేస్తాను, కానీ రెండూ ఈ ఏడు నెలల్లో పట్టవు సర్."

నిర్ణయం ఆయనదే అని మొదటి నుంచీ ఒప్పుకుంటూ, లెక్కని మాత్రం దాచకుండా ముందు పెట్టే మాట అది. ఆయన కాగితం అరగంట చూశారు. వెంటనే ఒప్పుకోలేదు. "ఆర్ఏసీలో పెట్టు, చూద్దాం" అన్నారు. మేం ఆశించినదానికన్నా అదే మంచిదైంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం స్కాలర్ ప్రతి సెమిస్టరూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ (ఆర్ఏసీ) ముందు ప్రగతి చూపించాలి. చాలాచోట్ల అది ఇరవై నిమిషాల లాంఛనం. ఈసారి ఆ ఒక్క పేజీయే తెర మీద పెట్టారు. "పద్నాలుగు ప్యానెళ్లతో మాన్యుస్క్రిప్టు, ఆ తేదీకి ప్రయోగాలు ముగింపు" అని కమిటీ మినిట్స్‌లో రాయించారు. పెద్ద జర్నల్ ఆశ వదులుకున్నది తాను కాదు, కమిటీ సూచన అని చెప్పుకునే వీలు గైడ్‌కి దొరికింది. ఆ వీలు లేకుండా చాలామంది గైడ్‌లు వెనక్కి తగ్గలేరు.

ఎనిమిది ప్యానెళ్లు

ఒక్కో జీవ పునరావృతానికి కణాలు పరచిన రోజు నుంచి క్యూపీసీఆర్ ప్లేట్ దాకా ఎనిమిది రోజులు. ఒకటి ముగిశాక ఇంకొకటి పెడితే నెలలు పడుతుంది. మూడేసి రోజుల తేడాతో మూడూ ఒకదానివెంట ఒకటి మొదలుపెట్టించాం. రెండో ఎస్ఐఆర్ఎన్ఏ కూడా చేర్చాం. ఒకే ఎస్ఐఆర్ఎన్ఏ మీద నిలబడ్డ వాదనని, అది వేరే జన్యువుని తాకి ఉండొచ్చన్న ఒక్క మాటతో సమీక్షకులు పడగొట్టగలరు.

సోమవారం నుంచి గురువారం దాకా బెంచి. శుక్రవారం పొద్దున రాత, మధ్యాహ్నం రెండు గంటలు ఉద్యోగ ప్రయత్నం. కోర్సులన్నీ బంద్. పద్నాలుగులో దేన్నీ నింపని ప్రయోగం ఎంత ఆసక్తిగా అనిపించినా నోటుబుక్ చివరి పేజీలో రాసుకోవాలి, చేయకూడదు.

మూడో వారంలో దెబ్బ తగిలింది. పని మళ్లీ మొదలుపెట్టేముందు మైకోప్లాస్మా పరీక్ష చేయించమని చెప్పాం, నమూనా ఇవ్వడం ఆలస్యమైంది, ఫలితం పాజిటివ్. మైకోప్లాస్మా అనేది కణాల్లో చేరే అతి చిన్న బ్యాక్టీరియా. అది మీడియాన్ని (కణాలు పెంచే ద్రవాన్ని) మసకబార్చదు, మామూలు మైక్రోస్కోపులో కనబడదు. దానికి కణగోడ లేదు కాబట్టి మీడియాలో కలిపే పెనిసిలిన్ దాన్ని ఏమీ చేయలేదు. కణాలు మందుకి స్పందించే తీరుని మాత్రం మార్చేస్తుంది. ఎనిమిది నెలలుగా ప్రయోగం ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడంలో దీని పాత్ర ఎంతో కచ్చితంగా చెప్పలేం కానీ ఉండే ఉంటుంది. కణాలన్నీ పారేసి, ఇంక్యుబేటర్ శుభ్రం చేసి, ద్రవ నత్రజనిలోని తొలి పాసేజ్ వయల్ తెరిచి, పరీక్ష నెగెటివ్ వచ్చాకే మళ్లీ మొదలుపెట్టారు. ఐదు వారాలు పోయాయి.

ఆ వారం ఆమె మానేస్తానన్నారు. మేం ధైర్యం చెప్పడానికి ప్రయత్నించలేదు. క్యాలెండర్ తీసి ఐదు వారాలు జరిపి చూపించాం. ప్యానెళ్లు పూర్తయ్యేది ఎప్పుడు, స్టైపెండు ఆగేది ఎప్పుడు, థీసిస్ ఇచ్చేది ఎప్పుడు, మధ్యలో డబ్బు లేని నెలలు ఎన్ని. మూడు నెలలని తేలింది. ఆ మూడు నెలలకి సంస్థలోనే ఇంకో ల్యాబులో ప్రాజెక్టు పోస్టు దొరుకుతుందేమో అదే రోజు ఆరా తీశాం. దొరికింది. భయానికి ఒక అంకె వచ్చాక మనిషి మళ్లీ బెంచి దగ్గరికి వెళ్లగలిగారు.

ముందు తెలుగులో

ప్యానెళ్లు నిండుతుండగా ఇంటర్వ్యూ సాధన మొదలైంది. "మీ పని మూడు నిమిషాల్లో చెప్పండి" అంటే ఆమె ఇంగ్లీషులో టెక్నిక్కుల వరుస అప్పజెప్పేవారు, కణాలు పెంచాను, ట్రాన్స్‌ఫెక్ట్ చేశాను, ఆర్ఎన్ఏ తీశాను అని. ఒకరోజు తెలుగులో, ఇంట్లో అమ్మకి చెప్పినట్టు చెప్పమన్నాం. ఆమె ఒక్క క్షణం ఆలోచించి అన్న మాటలివి: "మందు వేసినా చావని కణాల్లో ఈ జన్యువు ఎక్కువగా పనిచేస్తోంది. దాన్ని తగ్గిస్తే అదే మందుకి కణాలు మళ్లీ లొంగుతున్నాయి."

నాలుగేళ్ల పని రెండు వాక్యాల్లో ఉంది. ఆ రెండిటినీ అక్కడే ఇంగ్లీషులోకి మార్చి మాన్యుస్క్రిప్టు సారాంశానికి, ఈమెయిలుకి, ఇంటర్వ్యూకి మొదటి మాటగా పెట్టాం. తెలుగు మీడియం నుంచి వచ్చిన స్కాలర్లకి ముందు ఇంగ్లీషు నేర్పించాలనే తొందర మాకూ ఉండేది. వాదన ఏ భాషలో స్పష్టంగా ఉందో ఆ భాషలో ముందు బయటికి తీయడం మేలని ఇప్పుడు అందరికీ అలాగే చేస్తున్నాం.

వృత్తి వెతుకులాట మళ్లీ, ఈసారి వేరే ప్రశ్నతో

శుక్రవారం రెండు గంటల్లో ఆమె తొమ్మిది మంది ఉద్యోగస్తులకి రాశారు, ఆరుగురు ఇరవై నిమిషాలు మాట్లాడారు. "మీ ఉద్యోగం ఎలా ఉంటుంది" అని అడగొద్దన్నాం, ఆ ప్రశ్నకి అందరూ బాగుంటుందనే అంటారు. "నిన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారో వరసగా చెబుతారా" అని అడగమన్నాం. క్లినికల్ రీసెర్చ్‌లో ఉన్నావిడ నిన్నంతా మూడు ఆసుపత్రుల రికార్డులు, సమ్మతి పత్రాలు సరిపోల్చానని చెప్పారు. స్కాలర్‌కి ఆ ఆసక్తి అక్కడే తగ్గింది. జీనోమ్ వ్యాలీలో ఒక టీకాల కంపెనీ విశ్లేషణ విభాగంలో ఉన్నాయన నిన్న ఒక అస్సే (పరీక్షా పద్ధతి) రెండు రోజుల ఫలితాలు ఎందుకు కలవలేదో వెతికానని, మందుల పరీక్షా పద్ధతులకి అంతర్జాతీయంగా వాడే ఐసీహెచ్ క్యూ2 మార్గదర్శకం ప్రకారం కచ్చితత్వం, మళ్లీ చేసినా అదే ఫలితం రావడం, పరిధి నిరూపించే పని అని చెప్పారు. ఆ రోజు ఆమె మా గదికి వచ్చి అన్నారు: "నేను ప్రైమర్లతో చేసింది ఇదే కదండీ. ఇది నాకు నచ్చింది."

బెంచి పనికి అతి తక్కువ మార్కులు వేసుకున్న మనిషే ఆమె. ఐడీపీ ప్రశ్నలు మళ్లీ నింపించాం. అప్పుడు పైకొచ్చింది బెంచి పనే, అందులోనూ పరీక్షా పద్ధతుల్ని రూపొందించి నమ్మదగ్గవిగా నిలబెట్టే పని.

ఏమైంది

స్టైపెండు ఆగడానికి రెండు నెలల ముందు మాన్యుస్క్రిప్టు గైడ్ అనుమతితో బయోఆర్కైవ్ వెబ్‌సైట్లో ప్రీప్రింట్‌గా (జర్నల్ సమీక్షకి ముందే అందరూ చదవగలిగేలా) పెట్టి, అదే వారం జర్నల్‌కి పంపారు. జర్నల్ సమీక్ష ఎంతకాలం పడుతుందో మన చేతిలో లేదు, ఈమెయిల్లో లింకు పెట్టగలగడం మన చేతిలో ఉంది. ప్రీప్రింట్ లింకుతో పోస్ట్‌డాక్‌కి ఎనిమిది ఈమెయిళ్లే పంపితే ఐదు జవాబులు, మూడు ఇంటర్వ్యూలు, ఒక ఆఫర్.

సిఫార్సు లేఖ కోసం గైడ్‌కి ఒక పేజీ ఇచ్చారు: ఏ ప్రయోగం తాను రూపొందించారు, ఏ లోపం తాను పట్టుకున్నారు, ఎవరికి నేర్పారు. పొగడ్త మాటలు ఒక్కటీ లేవు. "కష్టపడి పనిచేస్తుంది, నిజాయితీపరురాలు" అనే మామూలు లేఖ స్థానంలో, ప్రైమర్ సామర్థ్యం సమస్యని ఎలా పరిష్కరించారో చెప్పే పేరా వచ్చింది.

కంపెనీ ఇంటర్వ్యూలో ఒక స్టాండర్డ్ కర్వ్ చూపించారు. ఎక్కువ గాఢత వైపు చివరి పాయింటు గీత మీద లేదు, సామర్థ్యం 118 శాతం వస్తోంది. ఆ పాయింటు తీసేస్తారా అని అడిగారు. కారణం తెలియకుండా తీయనని, గాఢత ఎక్కువున్న చోట ఎంజైముని అడ్డుకునే పదార్థాలు కూడా ఎక్కువ ఉండి సీటీ ఆలస్యమైతే వాలు తగ్గి సామర్థ్యం ఇలాగే నూరు దాటి కనబడుతుందని, నమూనాని పలచన చేసి మళ్లీ నడిపి చూస్తానని చెప్పారు. ఆ ఉద్యోగమే వచ్చింది, అదే తీసుకున్నారు. పోస్ట్‌డాక్ ఆఫర్ వదులుకోవడంలో చెల్లెలి చదువు లెక్క కొంత ఉంది, పని మీద ఇష్టం కొంత ఉంది. రెండూ సరైన కారణాలే.

సరిగ్గా జరగనివీ ఉన్నాయి. జర్నల్ సమీక్షకులు రెస్క్యూ ప్రయోగం అడిగారు, అంటే ఎస్ఐఆర్ఎన్ఏ తాకలేని రూపంలో ఆ జన్యువుని తిరిగి కణాల్లోకి పంపి మందుకి నిరోధకత వెనక్కి వస్తుందో చూడాలి. మేం దాన్ని "తర్వాత చూద్దాం" వరుసలో పెట్టాం. క్లోనింగ్‌కి, సీక్వెన్సింగ్‌కి పదకొండు వారాలు పట్టింది, అప్పటికి ఆమె ప్రాజెక్టు పోస్టు కూడా ముగింపుకొచ్చింది. జెనోగ్రాఫ్‌ని పక్కన పెట్టడం సరైనదే, రెస్క్యూని పెట్టడం కాదు. మనిషి చేతి పని తక్కువ, ఎదురుచూపు ఎక్కువ ఉన్న ప్రయోగం మొదటి వారంలోనే మొదలవ్వాలి. ఆ జన్యువుని కణాల్లోకి మోసుకెళ్లే ప్లాస్మిడ్ (డీఎన్ఏ వలయం) ఆర్డరు ఆ రోజు పెట్టి ఉంటే సమీక్ష వచ్చేసరికి ఫ్రీజర్లో ఉండేది. పేపరు చివరికి వచ్చింది, ఆమె ఉద్యోగంలో చేరిన నాలుగో నెలలో.

థీసిస్ స్టైపెండు ఆగిన మూడు నెలలకి ఇచ్చారు. గైడ్‌తో సంబంధం పూర్వంలా కాలేదు, కానీ తెగలేదు.

మా విభాగంలో దరఖాస్తు ఫారం మారింది. మొదటి ప్రశ్న ఇదివరకు "మీ కెరీర్ లక్ష్యం ఏమిటి?" ఇప్పుడు మొదటి మూడు ప్రశ్నలు: స్టైపెండు ఆగే తేదీ, చివరి మైకోప్లాస్మా పరీక్ష తేదీ, మీ ముఖ్యమైన గ్రాఫులో ఎన్ ఎంత, అవి దేనివి. సెల్ కల్చర్ చేయని వాళ్లకి రెండో ప్రశ్న బదులు వాళ్ల ప్రయోగానికి తగ్గ నాణ్యతా పరీక్ష అడుగుతాం. ఐడీపీ నాలుగో కలయిక దాకా బయటికి తీయం. ఆ ల్యాబులో సీనియర్ల నుంచి వారసత్వంగా వస్తున్న ఎక్సెల్ షీటుని ఆమె వెళ్లేముందు మార్చి వెళ్లారు. వెల్స్ సగటు ఒక వరుసలో, పునరావృతం తేదీ, పాసేజ్ సంఖ్య పక్క వరుసల్లో. తేదీలు మూడూ వేరువేరుగా లేకపోతే ఎర్రర్ బార్ గడి ఖాళీగా ఉండిపోతుంది.